హమాలీకి తెలియని చిట్టా

పండగ పూట నలుగురు తెలుగువాళ్ళం ఒకచోట చేరితే "మీరేం చేస్తుంటారండీ?" అన్న ప్రశ్న తప్పదు. "సాఫ్ట్‌వేర్" అని జవాబు చెబుతాం. అవతలివారిదీ అదే జవాబు. ఇద్దరం తల ఊపి పులిహోర వైపు తిరుగుతాం. ఇన్నేళ్ళుగా మన ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తున్న పని గురించి మనలో మనం తెలుగులో మాట్లాడుకున్నది ఎంత తక్కువో తలచుకుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళకీ, ఇక్కడ పుట్టిన పిల్లలకీ మనం రోజంతా ఏం చేస్తామో తెలియకుండానే రోజులు గడిచిపోతున్నాయి. అందుకని ఈ ఏడాది కథా కవితా పక్కన పెట్టి, నా వృత్తిలోని ఒక చిన్న మూలను తెలుగులో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

నేను డివైస్ డ్రైవర్లు రాస్తాను. కంప్యూటరుకు తగిలించిన ప్రతి పరికరంతోనూ, అంటే డిస్కు, నెట్‌వర్క్ కార్డు, శబ్దం చేసే కార్డు వంటి వాటితో, వాటి భాషలో మాట్లాడే చిన్న ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. ఇంకాస్త సూటిగా చెప్పాలంటే నేను రాసేవి చాలావరకు లేని పరికరాలకు డ్రైవర్లు. లేని పరికరానికి డ్రైవరెందుకు అంటారా? అక్కడే ఉంది తమాషా.

మిథ్య అంటే అబద్ధం కాదు

ఒక్క కంప్యూటరులో పది కంప్యూటర్లు ఉన్నట్టు భ్రమ కల్పించవచ్చు. ఆ పదింటినీ వర్చ్యువల్ మెషీన్లు అంటారు. "వర్చ్యువల్" అన్న మాటకు "మిథ్య" కంటే మంచి తెలుగు మాట నాకు దొరకలేదు. వేదాంతులు చెప్పే తాడూ పామూ ఉదాహరణ అందరికీ తెలిసినదే. మసక వెలుతురులో తాడు పాములా కనిపిస్తుంది. పాము నిజం కాదు, కానీ చూసినవాడి గుండెదడ నిజమే. వర్చ్యువల్ మెషీన్ కూడా అంతే. అందులో నడిచే ప్రోగ్రాము "ఈ మెమరీ అంతా నాదే, ఈ డిస్కు నాదే" అనుకుంటుంది. ఆ నమ్మకంతోనే లెక్కలు చేస్తుంది, ఉత్తరాలు పంపుతుంది, జీతాల చెక్కులు అచ్చు వేస్తుంది. పనులన్నీ నిజంగానే జరుగుతాయి.

ఈ భ్రమను కల్పించే పెద్దమనిషి పేరు హైపర్‌వైజర్. ప్రాసెసరు గుండా చూసేవాళ్ళందరికీ ఈ భ్రమ చక్కగా నిలుస్తుంది. ప్రాసెసరు గుండా చూడని వాడొకడు ఉన్నాడు. ఈ వ్యాసం వాడి గురించే.

గిడ్డంగి, గుమాస్తా, హమాలీ

మెమరీని ఒక పెద్ద గిడ్డంగి అనుకోండి. లోపల సమానమైన గదులు, గోడ మీద రంగుతో రాసిన నంబర్లు. ఒక్కొక్క గదిని పేజీ అంటారు. మామూలుగా ఒక పేజీలో 4,096 బైట్లు పడతాయి. 8 మెగాబైట్ల మెమరీ ఉన్న పాత కంప్యూటరులో ఇలాంటి గదులు 2,048.

ఈ గిడ్డంగిని చాలామంది వ్యాపారులు అద్దెకు తీసుకున్నారు. ప్రతివాడికీ తన గదులు వరస నంబర్లతో ఉన్నట్టు చెప్పారు. నిజానికి అవి గిడ్డంగి అంతా చెల్లాచెదురుగా ఉన్నాయి. వ్యాపారి "నా 80వ గదిలో సరుకు చూపించు" అంటే గుమాస్తా చిట్టా విప్పి "తమరి 80 అంటే గోడ మీద 912" అని చూసుకుని అక్కడికి తీసుకువెళతాడు. ఆ గుమాస్తా ప్రాసెసరులోనే కూర్చుని ఉంటాడు. ప్రతి చదువుకూ ప్రతి రాతకూ చిట్టా చూస్తాడు. తనది కాని గది అడిగిన వ్యాపారిని గుమ్మంలోనే ఆపేస్తాడు.

ఇప్పుడు సరుకు దింపే పని చూద్దాం. లారీలోనుంచి ఒక్కొక్క బస్తానూ వ్యాపారే మోసుకుంటూ పోతే వ్యాపారం చేసేదెప్పుడు? డిస్కునుంచి వచ్చే ప్రతి బైటునూ ప్రాసెసరే అందుకుని మెమరీలో పెడితే జరిగేది ఇదే. అందుకని హమాలీని పెట్టారు. "ఫలానా గదినుంచి మొదలుపెట్టు, ఇన్ని బస్తాలు, అయిపోయాక గంట కొట్టు" అని చెప్పి ప్రాసెసరు తన పని చూసుకుంటుంది. పరికరం నేరుగా మెమరీలోకి వెళ్ళి సరుకు దించుతుంది. దీన్నే డైరెక్ట్ మెమరీ యాక్సెస్, పొట్టిగా డీఎంఏ అంటారు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఈ పనికి 8237 అనే చిప్పు ఉండేది. ఫ్లాపీ డిస్కు ఆ చిప్పులోని 2వ చానెల్‌ని వాడుకునేది.

హమాలీ నమ్మకస్తుడే, బలవంతుడే. కానీ చిట్టా సంగతి వాడికి తెలియదు. వాడు చదవగలిగింది గోడ మీది నంబర్లు మాత్రమే.

చిక్కు ఎక్కడ వచ్చింది?

ఒక ఉదాహరణ చూద్దాం. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఒక ట్రాక్‌కు ఒక్కొక్క వైపు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. అంటే 9,216 బైట్లు. దీన్ని చదవాలంటే కనీసం 3 గదులు కావాలి. విండోస్‌లో ఒక డాస్ కిటికీ తెరిచి, అందులో నడిచే ప్రోగ్రాము "నా 80, 81, 82 గదుల్లో దించు" అని డీఎంఏ చిప్పుకు చెప్పిందనుకుందాం. చిట్టా ప్రకారం ఆ గదులు గోడ మీద 912, 305, 1407.

హమాలీకి 80 అని వినిపించింది. తిన్నగా గోడ మీద 80 అని రాసిన గదికి వెళతాడు. ఆ తరువాత 81, ఆ పైన 82. ఆ గదుల్లో పక్క కిటికీలో సగం రాసిన ఉత్తరం ఉండవచ్చు, విండోస్ సొంత సరంజామా ఉండవచ్చు. దాని మీద ఫ్లాపీ సరుకు కుమ్మరించి గంట కొట్టి వెళ్ళిపోతాడు. అడిగిన వాడికి ఏమీ అందలేదు, పక్కవాడి కొంప మునిగింది. ప్రాసెసరులోని గుమాస్తాకు ఈ సంగతే తెలియదు. హమాలీ వచ్చింది పెరటి తలుపు గుండా మరి.

ఇంకొక సూక్ష్మం కూడా ఉంది. నంబరు సరిచేసి 912 అని చెప్పినా చాలదు. ఆ తరువాత హమాలీ 305కు వెళ్ళడు, 913కు వెళతాడు. వాడికి వరసగా నడవడమే వచ్చు.

అరుగు మీద దించుకోవడం

1990లో వచ్చిన విండోస్ 3.0 మొదలుకుని 2000లో వచ్చిన విండోస్ మీ వరకు ఈ చిక్కును విప్పింది వర్చ్యువల్ డివైస్ డ్రైవర్లు. మా వాళ్ళు వీటిని వీఎక్స్‌డీలు అనేవారు. నడుమ ఉన్న ఎక్స్ స్థానంలో పరికరం పేరు వచ్చి చేరుతుంది. కీబోర్డుకు వీకేడీ, డీఎంఏ చిప్పుకు వీడీఎంఏడీ. ఇంటెల్ 386 ప్రాసెసరులో ఒక సదుపాయం ఉంది. డాస్ ప్రోగ్రాము ఏ పరికరానికైనా ఆజ్ఞ ఇవ్వబోతే, ఆ ఆజ్ఞ పరికరానికి చేరకముందే పట్టుకుని వేరొకరికి అప్పగించవచ్చు. వీడీఎంఏడీ ఆ వేరొకరు.

ప్రోగ్రాము చిప్పులో చిరునామా రాస్తున్నాననుకుంటుంది. నిజానికి అది వీడీఎంఏడీ కాగితం మీద పడుతుంది. ఎన్ని బైట్లో రాస్తుంది. అదీ కాగితం మీదే. ఆ చిప్పుకు 16 బిట్ల చిరునామాను రెండు ముక్కలుగా, ఒకే గుమ్మంలోనుంచి, ఒకదాని తరువాత ఒకటి అందించాలి. ఇప్పుడు వచ్చింది మొదటి ముక్కా రెండవ ముక్కా అన్నది కూడా ఒక్కొక్క కిటికీకి వేరువేరుగా గుర్తుపెట్టుకోవాలి. చివరికి ప్రోగ్రాము "ఇక కానివ్వు" అని చానెల్ తెరుస్తుంది. అప్పటిదాకా అన్నీ విని ఊరుకున్న వీడీఎంఏడీ ఆ క్షణంలో రంగంలోకి దిగుతుంది.

ముందుగా చిట్టా చూస్తుంది. ఆ గదులు గోడ మీద కూడా వరసగా ఉన్నాయా? హమాలీ చేరగల దూరంలోనే ఉన్నాయా? 1984 నాటి పీసీ ఏటీలో ఈ చిప్పు 16 మెగాబైట్లు దాటి పోలేదు. పైగా 8 బిట్ల చానెళ్ళలో 64 కిలోబైట్ల హద్దు దగ్గరకు వచ్చేసరికి ముందుకు పోకుండా వెనక్కి తిరిగి మొదటికి వచ్చేస్తుంది. ఇవన్నీ అనుకూలిస్తే, పని పూర్తయ్యేదాకా ఆ గదులను ఎవరూ కదపకుండా తాళం వేసి, అసలు నంబర్లను అసలు చిప్పులో రాస్తుంది.

అనుకూలించకపోతే అరుగు ఉంది. గిడ్డంగి ముందు అరుగు లాగా, వరసగా ఉండి హద్దులేవీ దాటని కొంత మెమరీని వీడీఎంఏడీ ముందే కట్టి ఉంచుకుంటుంది. హమాలీని "ఇక్కడ దించు" అంటుంది. వాడు దించి గంట కొట్టాక, ఆ సరుకును ప్రాసెసరు చేత 912, 305, 1407 గదులకు సర్దిస్తుంది. సరుకు బయటికి పోయేదైతే ముందుగా అరుగు మీదికి చేర్చి తరువాత హమాలీని పిలుస్తుంది. మా పరిభాషలో దీని పేరు బౌన్స్ బఫర్. విండోస్ 3.1 కాలంలో సిస్టమ్ డాట్ ఐఎన్‌ఐ ఫైలు విప్పి చూసినవాళ్ళకు "డీఎంఏ బఫర్ సైజ్" అన్న వాక్యం గుర్తుండవచ్చు. ఆ వాక్యం ఈ అరుగు పొడవును నిర్ణయించేది.

అరుగు పద్ధతికి ఖరీదు ఉంది. ప్రతి బస్తానూ రెండుసార్లు మోయాలి. శబ్దం కార్డు వంటి పరికరం ఒకే చోటును చుట్టూ తిరిగి తిరిగి చదువుతూ ఉంటే, ఒక్కసారి సర్ది చేతులు దులుపుకోవడం కుదరదు. చదివేవాడికంటే ముందు పరుగెత్తుతూ నింపుతూనే ఉండాలి. అయినా ఈ అరుగే లేకపోతే పది కిటికీల విండోస్ అన్నది నడిచేది కాదు.

పెద్దలు ముందే చేసినది

ఇది విండోస్ కనిపెట్టిన విద్య కాదు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఐబీఎం వారి పరిశోధన కేంద్రం ఒకటి ఉండేది. అక్కడ 1960ల చివర్లో తయారైన సీపీ-40, దాని వెనకే వచ్చిన సీపీ-67, 1972లో బజారుకు వచ్చిన వీఎం/370 ఇదే చిక్కును ఎదుర్కొన్నాయి. ఆ పెద్ద యంత్రాలలో హమాలీకి నోటిమాటగా చెప్పరు, పనుల జాబితా రాసి ఇస్తారు. దాన్ని చానెల్ ప్రోగ్రాం అంటారు. సీపీ ఆ జాబితాను మధ్యలో అందుకుని, దానికి నకలు తీసి, నకలులో ప్రతి నంబరునూ గోడ నంబరుగా మార్చి, ఆ గదులకు తాళం వేసి, నకలునే హమాలీకి ఇచ్చేది. జాబితాలో ఒక పనిని రెండు ముక్కలు చేసే వీలు ఉంది కాబట్టి, గదులు చెల్లాచెదురుగా ఉన్నా అరుగుతో పని లేదు. "912లో ఇన్ని, ఆ తరువాత 305లో ఇన్ని" అని రాసి ఇవ్వవచ్చు. తెలివైన హమాలీ దొరికితే రెండో మోత తప్పుతుందన్నమాట.

భ్రమ అని ముందే చెప్పేస్తే?

ఇంతవరకు చూసిన పద్ధతుల్లో వ్యాపారికి అసలు సంగతి తెలియనివ్వలేదు. ప్రతి ఆజ్ఞనూ దారిలో పట్టుకోవాలి. పట్టుకున్న ప్రతిసారీ ప్రాసెసరు చేస్తున్న పని ఆపి హైపర్‌వైజర్‌ను లేపాలి. ఈనాటి ప్రాసెసర్లలో కూడా ఆ వెళ్ళిరావడం చవక కాదు. ఒక్క పాకెట్టు పంపడానికి పదిసార్లు లేపితే పని సాగదు.

"నువ్వున్నది మిథ్యా ప్రపంచంలోనే నాయనా, ఇద్దరం ఒప్పందానికి వద్దాం" అని చెప్పేస్తే ఎలా ఉంటుంది? 2003లో వెలుగు చూసిన జెన్ ఈ దారి పట్టింది. 2008 ప్రాంతంలో రస్టీ రసెల్ లినక్స్ కోసం రూపొందించిన వర్టయో ఇదే దారిలోది. లోపలి డ్రైవరు, బయటి హైపర్‌వైజరు ఇద్దరూ చూడగల ఒక పలక ఉంటుంది. లోపలివాడు "ఈ గది, ఇన్ని బైట్లు" అని వరసగా రాస్తూ పోయి, ఒక్కసారి తలుపు తడతాడు. బయటివాడు చిట్టా చూసుకుంటూ అన్నిటినీ ఒక్క విడతలో చక్కబెడతాడు. ఇక్కడ పరికరమే లేదు, కాబట్టి అసలు డీఎంఏ కూడా లేదు. డీఎంఏ వేషం వేసిన ఒప్పందం మాత్రమే ఉంది. నేను రాసే లేని పరికరాల డ్రైవర్లు ఈ కోవకు చెందినవే.

హమాలీకీ ఒక చిట్టా

చివరికి హార్డ్‌వేర్ చేసేవాళ్ళే దారి చూపించారు. ప్రాసెసరు పక్కన గుమాస్తా ఉన్నట్టే, పెరటి తలుపు దగ్గర కూడా ఒక గుమాస్తాను కూర్చోబెట్టారు. వీడి పేరు ఐఓఎంఎంయూ. ఇంటెల్ వారి వీటీ-డీ, ఏఎండీ వారి ఏఎండీ-వీఐ ఈ కోవవి. ప్రతి పరికరానికీ వేరే చిట్టా. నెట్‌వర్క్ కార్డు "80వ గది" అంటే, ఆ కార్డు ఏ వర్చ్యువల్ మెషీన్‌కు ఇచ్చారో చూసి 912కు పంపుతాడు. చిట్టాలో లేని గది అడిగితే అక్కడికక్కడే ఆపి హైపర్‌వైజర్‌కు ఫిర్యాదు చేస్తాడు. దీంతో అసలు కార్డునే అతిథి చేతికి నేరుగా ఇచ్చేయవచ్చు. ఒకే కార్డు పలు కార్డులుగా కనిపించే ఎస్సార్-ఐఓవీ అనే ఏర్పాటు 2007లో వచ్చాక, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క అతిథికి పంచడం కూడా వీలైంది.

దీనికీ ఖరీదు ఉంది. హమాలీ ఏ గదికి ఎప్పుడు వెళతాడో హైపర్‌వైజర్‌కు ముందుగా తెలియదు. అందుకని సాధారణంగా ఆ అతిథి గదులన్నిటికీ తాళాలు వేసి ఉంచాలి. ఖాళీగా ఉన్న గదిని మరొకరికి సర్దడం కుదరదు. నడుస్తున్న అతిథిని మరో యంత్రానికి తరలించడమూ కష్టమవుతుంది.

ఇదంతా మనకెందుకు?

మా ఊళ్ళో క్లినిక్ నడిపే డాక్టరుగారు ఒకరు నన్ను ఒక మాట అడిగారు. "రోగుల రికార్డులన్నీ క్లౌడులో పెట్టమంటున్నారు. అదే యంత్రంలో పక్కన ఎవరెవరివో ప్రోగ్రాములు నడుస్తాయట కదండీ. వాళ్ళకి మావి కనపడవా?" చాలా మంచి ప్రశ్న. క్లౌడు అంటే గాలిలో ఉండేది కాదు, ముక్కూ మొహం తెలియని వ్యాపారులందరూ సర్దుకున్న గిడ్డంగి. మీ బ్యాంకు ఖాతా, మీ అమ్మగారి ఎక్స్‌రే, మీ పిల్లల స్కూలు మార్కులు అటువంటి గదుల్లో ఉంటున్నాయి. పక్కవాడికి కనపడకుండా కాపాడేది రెండు చిట్టాలు: ముందు గుమ్మంలో ఒకటి, పెరటి గుమ్మంలో ఒకటి. అసలు కార్డును నేరుగా అద్దెకిచ్చినప్పుడు రెండవది లేకపోతే మొదటిది ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు.

మిథ్యా పరికరాల్లో కూడా పొరపాట్లు దొర్లుతాయి. 2015 మే నెలలో వెనమ్ అన్న పేరుతో ఒక లోపం బయటపడింది. క్యూఈఎంయూ అనే ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేరులోని మిథ్యా ఫ్లాపీ కంట్రోలరులో ఉన్న తప్పు అది. లోపలున్న అతిథి దాన్ని పట్టుకుని గోడ దూకి బయటికి రాగలిగే ప్రమాదం ఉండింది. ఆ తప్పు 2004 నుంచీ అక్కడే ఉంది. అది డీఎంఏ తప్పు కాదు, ఆజ్ఞలు దాచుకునే చోట హద్దు చూసుకోకపోవడం. ఫ్లాపీలు చూసిన పిల్లలే లేని కాలంలో ఫ్లాపీ గుండా దొంగ వచ్చే వీలుండడం నాకు పెద్ద పాఠం. వాడని తలుపే కదా అని తాళం వేయకుండా వదిలేయకూడదు.

ఇంట్లో వాడుకునే లాప్‌టాప్‌కు కూడా ఇది వర్తిస్తుంది. థండర్‌బోల్ట్ సాకెట్టులో తగిలించిన పరికరం కూడా హమాలీయే, నేరుగా మెమరీలోకి వెళ్ళగలదు. 2019లో థండర్‌క్లాప్ అనే పరిశోధన ఒక సంగతి చూపించింది. పెరటి గుమాస్తా ఉన్న యంత్రాలలో కూడా, అతన్ని సరిగా వాడుకోకపోతే, దొంగ పరికరం లోపలికి చొరబడగలదు. ఒక గదిలో నాలుగో వంతు మాత్రమే హమాలీకి ఇవ్వదలచినా చిట్టాలో గది మొత్తం రాయాల్సిందే. మిగతా ముప్పాతికలో ఏముందో వాడికి కనిపిస్తుంది. విండోస్‌లో 2018 నుంచి కెర్నెల్ డీఎంఏ ప్రొటెక్షన్ అనే రక్షణ ఉంది. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి చూస్తే మీ యంత్రంలో అది పనిచేస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. విమానాశ్రయంలోనో హోటలులోనో ఎవరో ఇచ్చిన డాక్‌ను తగిలించే ముందు ఒక్క క్షణం ఆలోచించండి.

డాక్టరుగారికి నేను చెప్పిన జవాబు ఇది: "కనపడకుండా చేసే ఏర్పాట్లు గట్టివే ఉన్నాయి. మీ క్లౌడు కంపెనీవాళ్ళను మూడు ప్రశ్నలు అడగండి. అతిథికి అసలు పరికరాలు నేరుగా ఇస్తారా? ఇస్తే ఐఓఎంఎంయూ వాడతారా? మెమరీని గుప్తీకరించే సదుపాయం ఉందా?" ఈ మూడవది కొత్త తరహా. 2016లో ఏఎండీ ప్రకటించిన ఎస్‌ఈవీ వంటి పద్ధతుల్లో అతిథి మెమరీ అంతా రహస్య లిపిలో ఉంటుంది. సాక్షాత్తూ హైపర్‌వైజర్ తొంగి చూసినా అర్థం కాదు. గిడ్డంగి యజమానిని కూడా నమ్మనక్కరలేని ఏర్పాటన్నమాట.

అయితే రహస్య లిపి హమాలీకి కూడా అర్థం కాదు కదా, సరుకు ఎలా దించుతాడు? దానికి లినక్స్ కనుక్కున్న ఉపాయం మీరు ఈపాటికే ఊహించి ఉంటారు. అందరికీ కనిపించేలా, గుప్తీకరించకుండా కొంత మెమరీ విడిగా ఉంచి, సరుకును ముందు అక్కడ దించి, ఆ తరువాత లోపలి గదుల్లోకి సర్దుకుంటుంది. అంటే విండోస్ 3.0 కాలం నాటి అరుగే. హద్దులు దాటలేని హమాలీ కోసం ఆ రోజుల్లో కట్టిన అరుగు, ఇవాళ నమ్మలేని హమాలీ కోసం మళ్ళీ పనికి వచ్చింది. పరికరాలను కూడా నమ్మకస్తులుగా రుజువు చేయించి, ఈ రెండో మోత తప్పించే ప్రయత్నాలు సాగుతున్నాయి. అవి పూర్తయ్యేదాకా నా బోటి వాళ్ళకు అరుగులు కట్టే పని ఉంటూనే ఉంటుంది. ఈసారి పులిహోర దగ్గర ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అంటే అరుగులు కడతానని చెప్పాలనుకుంటున్నాను.